రాత్రి రెండు గంటలకు పనిచేసే ప్లాను: పెద్ద ప్రమాదాలకు ఆసుపత్రుల సన్నద్ధత (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఆరోగ్యశాఖ అధికారులున్నారు, సూపరింటెండెంట్లున్నారు. వెనక వరుసల్లో క్యాజువాలిటీ సిస్టర్లు, ఎలక్ట్రికల్ విభాగం వాళ్లు, స్టోర్స్ వాళ్లు కూర్చున్నారు. ఈరోజు నేను చెప్పబోయేది ఎక్కువగా ఆ వెనక వరుసల పని గురించే. కాస్త ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ప్రతి పెద్దాసుపత్రిలోనూ డిజాస్టర్ ప్లాను అని ఒక ఫైలు ఉంటుంది. తెరిస్తే మొదట కమిటీ సభ్యుల పేర్లు, హోదాలు కనిపిస్తాయి. తప్పేమీ లేదు. కానీ వారానికి 168 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు ఆఫీసు నడుస్తుందనుకుంటే 48 గంటలు. మిగిలిన 120 గంటల్లో, అంటే పదింట ఏడు వంతుల కాలం, ఆ కమిటీలో ఒక్కరు కూడా ఆసుపత్రిలో ఉండరు. అప్పుడు ఉండేది ఎవరు? క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు, ఇన్‌ఛార్జి సిస్టరు, ఇద్దరు ముగ్గురు వార్డు బాయ్‌లు, గేటు దగ్గర సెక్యూరిటీ, టెలిఫోన్ ఆపరేటరు, జెనరేటరు దగ్గర ఒక ఎలక్ట్రీషియను. బస్సు లోయలో పడ్డా, రసాయనాల ట్యాంకరు బోల్తా కొట్టినా మొదటి గంట నడిపించాల్సింది వీళ్లే. కాబట్టి ప్లాను వీళ్ల కోసమే రాయాలి. కమిటీ పేర్లు చివరి పేజీలో పెట్టినా నష్టం లేదు.

మొదటి ప్రశ్న: 'ఇది మామూలు రద్దీ కాదు, పెద్ద ప్రమాదం' అని ప్రకటించే అధికారం ఎవరిది? చాలా ప్లాన్లలో అది సూపరింటెండెంటుకే రాసి ఉంటుంది. డ్యూటీ డాక్టరు ఫోన్ చేస్తాడు, వాళ్లు ఎత్తరు, ఇంకొకరికి చేస్తాడు, ఆయన 'ఒకసారి మేడమ్‌ని అడగండి' అంటారు. ఇలా ఇరవై నిమిషాలు పోతాయి. ఆ ఇరవై నిమిషాల్లో ఆపరేషన్ థియేటరు ఖాళీ చేయించవచ్చు, రక్తనిధిని లేపవచ్చు. అందుకే ప్రకటించే అధికారం క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరుకే ఇవ్వాలి, కాగితం మీద, సంతకంతో. దాని కింద ఇంకో వాక్యం కూడా ఉండాలి: ప్రకటించాక అంత పెద్దది కాదని తేలితే ఎవరూ సంజాయిషీ అడగరు. ఈ రెండో వాక్యం లేకపోతే మొదటిది పనిచేయదు. భయపడే మనిషి ఆలస్యం చేస్తాడు.

ప్రకటనకు మూడే స్థాయిలు చాలు. 'సిద్ధంగా ఉండండి', 'మొదలైంది', 'ముగిసింది'. ఆ మాటలు అందరికీ ఒకేలా అర్థం కావాలి. ఒక ఆసుపత్రిలో రంగులు, పక్క ఆసుపత్రిలో అంకెలు, అంబులెన్సు వాళ్లకు ఇంకేదో భాష ఉంటే తిప్పలు తప్పవు. జిల్లా మొత్తానికి ఒకే మాటలు ఖాయం చేయడం ప్రభుత్వం పని. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఘటనాస్థలం నుంచి వచ్చే మొదటి ఫోను గురించి చెబుతాను. అవతల మనిషి అరుస్తూ ఉంటాడు, చుట్టూ గోల. ఇవతలి వాళ్లు 'ఎక్కడ? ఎంతమంది?' అని రెండు ప్రశ్నలు అడిగి పెట్టేస్తారు. ఫోను పక్కన అచ్చేసిన ప్యాడ్ ఒకటి ఉండాలి. దాని మీద ఏడు గళ్లు: పెద్ద ప్రమాదంగా ప్రకటించారా లేదా, సరిగ్గా ఏ చోటు, ఏం జరిగింది, ఇంకా ఏ అపాయం మిగిలి ఉంది, ఏ దారిన చేరుకోవచ్చు, సుమారుగా ఎంతమంది ఎలాంటి గాయాలతో ఉన్నారు, పోలీసు, ఫైరు, అంబులెన్సుల్లో ఎవరు చేరారు ఇంకా ఎవరు కావాలి. బ్రిటన్ సహా కొన్ని దేశాల అత్యవసర సేవలు వాడేది కాస్త అటూ ఇటుగా ఈ ఏడు గళ్లే. నాలుగో గడి, మిగిలి ఉన్న అపాయం, అన్నిటికంటే ఎక్కువగా ఖాళీగా మిగిలేది. దానివల్ల ఏం జరుగుతుందో కాసేపట్లో చెబుతాను. ప్యాడ్ అడుగున ఫోన్ చేసినవాళ్ల పేరు, నంబరు, టైము రాయాలి. ఆపరేటరు అదే నంబరుకు తిరిగి ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి.

ఫైలు బదులు కార్డులు పెట్టండి. ఒక్కో పనికి ఒక్కో కార్డు, ఒక్క పేజీ, లామినేషన్ చేసి, పెద్ద అక్షరాల్లో, ఆ పని చేసే మనిషి చదివే భాషలో. దాని మీద మనిషి పేరు ఉండకూడదు, పని పేరు మాత్రమే. బదిలీలు అయినా కార్డు మారదు. క్యాజువాలిటీ ఇన్‌ఛార్జి సిస్టరు కార్డు ఎలా ఉండాలో చూడండి. అందులో రెడ్ అంటే వెంటనే చూడకపోతే ప్రాణం పోయే కేసులకు సంబంధించింది. 'టైము రాసుకో. ఉన్న రోగుల్లో కదపగలిగిన వాళ్లను ఫలానా వార్డుకు పంపు, కేస్ షీటు వాళ్లతోనే పంపు. రెడ్ అలమర తాళం తియ్యి, తాళం ఇక్కడ ఉంది. స్ట్రెచర్లు, వీల్ చెయిర్లు అన్నీ ద్వారం దగ్గరికి తెప్పించు. ఒక్కో రెడ్ బెడ్డుకు ఒక డాక్టరు, ఒక సిస్టరు, ఒక వార్డు బాయ్‌ని పెట్టు. నువ్వు ఏ రోగి దగ్గరా ఆగకు.' ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. మంచి సిస్టరు రోగి బాధ చూసి ఆగిపోతుంది, చెయ్యి వేస్తుంది, ఆ క్షణం నుంచి క్యాజువాలిటీని చూసేవాళ్లుండరు. కార్డులోనే రాసి ఉంటే ఆమె మనసుకూ కాస్త తేలిక.

ఇక రోగులు ఎలా వస్తారు? ప్లాన్లలో బాణం గుర్తులతో బొమ్మ ఉంటుంది: ఘటనాస్థలం, అక్కడ ట్రయాజ్ (ఎవరిని ముందు చూడాలో వేరుచేయడం), అంబులెన్సు, ఆసుపత్రి. వాస్తవంలో ఆ వరుస ఉండదు. 1995 మార్చి 20న టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు వదిలినప్పుడు, దగ్గరలో ఉన్న సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఆ ఒక్కరోజే 640 మంది వచ్చారు. అందులో ఎక్కువమంది నడిచి, ట్యాక్సీల్లో, దారిన పోయేవాళ్ల కార్లలో వచ్చారు. అంబులెన్సులో వచ్చింది కొద్దిమందే. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు దగ్గరి పెద్దాసుపత్రి గ్రెగోరియో మరన్యోన్‌కు 300 మందికి పైగా చేరారు. వాళ్లలో ప్రాణాపాయంలో ఉన్నవాళ్లు 29 మంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. తక్కువ గాయాలవాళ్లే ముందు చేరతారు, ఎందుకంటే వాళ్లు నడవగలరు. మంచాలన్నీ వాళ్లతో నిండాక శిథిలాల కింది నుంచి తీసినవాళ్లు వస్తారు. దగ్గరి ఆసుపత్రి మునిగిపోతుంది. పది కిలోమీటర్ల దూరంలో ఇంకో ఆసుపత్రి సిబ్బందితో సహా ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

పేలుడు లాంటి ఘటనల్లో ఒక మోటు లెక్క పనికొస్తుంది: మొదటి గంటలో ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో, మొత్తం దాదాపు దానికి రెట్టింపు వస్తారు. గంట గడిచాక ద్వారం దగ్గర లెక్కపెట్టిన అంకెను రెట్టింపు చేసి థియేటరుకు, రక్తనిధికి చెప్పాలి. లెక్కపెట్టే మనిషి ఒకరు ద్వారం దగ్గర ఉంటేనే అది సాధ్యం. ఆ పని ఒక క్లర్కుకు ఇవ్వండి. డాక్టరు అక్కర్లేదు.

రోగులను పంచడం ప్రభుత్వం, అంబులెన్సు సేవ చేయాల్సిన పని. ఘటనాస్థలంలో అంబులెన్సు ఎక్కించే చోట ఒక మనిషి నిలబడాలి. అతని చేతిలో ఏ ఆసుపత్రి గంటకు ఎన్ని రెడ్ కేసులు తీసుకోగలదో రాసిన పట్టిక ఉండాలి. ఎన్ని మంచాలున్నాయన్నది ఆ పట్టికకు పనికిరాదు. రాత్రి పూట ఒక సర్జన్ జట్టు, ఒక అనస్థీషియా డాక్టరు, ఒక థియేటరు ఉన్న చోట 500 మంచాలున్నా గంటకు చూడగలిగింది ఒకటి రెండు తీవ్రమైన కేసులే. పట్టిక ముందే తయారై ఉండాలి, పగటికి వేరు, రాత్రికి వేరు. ఎక్కువ గాయాలు లేనివాళ్లను బస్సులో దూరపు ఆసుపత్రికి పంపాలి, బస్సులో ఒక నర్సును కూర్చోబెట్టి.

ద్వారం దగ్గర ట్రయాజ్. ఎక్కువ చోట్ల నేర్పేది స్టార్ట్ పద్ధతి, 1983లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఒక్కో మనిషికి నిమిషం దాటకుండా చూసి ఒక రంగు ట్యాగు వేయాలి: రెడ్ అంటే వెంటనే చూడాల్సినవాళ్లు, యెల్లో కాసేపు ఆగగలిగినవాళ్లు, గ్రీన్ చిన్న గాయాలవాళ్లు, బ్లాక్ చనిపోయినవాళ్లు. నడవగలిగితే గ్రీన్. ఊపిరి లేకపోతే తల సర్ది దారి తెరిచి చూడాలి. వస్తే రెడ్, రాకపోతే బ్లాక్. ఊపిరి నిమిషానికి 30 దాటితే రెడ్. మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లు దాటినా రెడ్. 'నా చెయ్యి పట్టుకో' అంటే పట్టుకోలేకపోతే రెడ్. మిగిలినవాళ్లు యెల్లో. పిల్లల కొలతలు వేరు. ఊపిరి ఆగిన పిల్లవాడికి నాడి తగిలితే, ఐదు సార్లు ఊపిరి ఊది చూడకుండా నల్ల ట్యాగు వేయకూడదు. పిల్లల్లో ముందు ఆగేది ఊపిరి. గుండె కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, జాలితో అందరికీ రెడ్ వేయడం. బాగా ఏడుస్తున్న మనిషి బాగా బతికే ఉన్నాడు. మాట్లాడకుండా పడి ఉన్నవాడిని ముందు చూడాలి. రెడ్లు అవసరానికి మించితే నిజమైన రెడ్డు వరుసలో వెనకబడి చనిపోతాడు. రెండోది, ఒకసారి వేసిన ట్యాగు మార్చకపోవడం. కడుపులో రక్తం కారుతున్నవాడు మొదటి పది నిమిషాలు యెల్లోలాగే కనిపిస్తాడు. యెల్లో ప్రాంతంలో ఒక సిస్టరు అదే పనిగా తిరిగి నాడి, బీపీ చూస్తూ ఉండాలి. ట్రయాజ్ చేసేవాళ్లు దారి తెరవడం, కారే రక్తాన్ని నొక్కి ఆపడం తప్ప వైద్యం చేయకూడదు.

గ్రీన్ రోగులకు వేరే గేటు, వేరే భవనం చూడండి. ఓపీ హాలు సరిపోతుంది. అక్కడ ఇద్దరు డాక్టర్లు, డ్రెస్సింగ్ సామాను, టెటనస్ ఇంజెక్షన్లు, తాగునీళ్లు చాలు. రోగి కదిలే దారి ఒకే దిక్కుగా ఉండాలి: ద్వారం, క్యాజువాలిటీ, అక్కడి నుంచి థియేటరుకో ఐసీయూకో వార్డుకో. సీటీ స్కాన్ నుంచి తిరిగి క్యాజువాలిటీకి పంపితే ఆ వసారాలో రెండు ట్రాలీలు ఎదురెదురై ఇరుక్కుపోతాయి. ఆ రాత్రికి స్కాన్లు తగ్గించాలి. తల గాయాలకు తప్ప మిగతావాటికి అల్ట్రాసౌండుతో, చేతి పరీక్షతో నిర్ణయం తీసుకునే సీనియరు కావాలి.

ఇప్పుడు ఫోను ప్యాడ్ మీది ఆ నాలుగో గడి, మిగిలి ఉన్న అపాయం. టోక్యోలో దాడి జరిగింది ఉదయం ఎనిమిది ప్రాంతంలో. అది సారిన్ అని పోలీసుల నుంచి తెలిసేసరికి పదకొండు. ఈలోగా వందలమంది ఒంటి మీది బట్టలతోనే ఆసుపత్రి లోపలికి వచ్చేశారు. ఆ బట్టల నుంచి ఆవిరి లేచింది. సిబ్బందిలో ఇంచుమించు నాలుగో వంతు మందికి కళ్లు మసకబారడం, తలనొప్పి, ఊపిరి ఇబ్బంది లాంటి లక్షణాలు కనిపించాయి. ఒక విషయం మనసు పెట్టి వినండి. ఆ ఆసుపత్రి కట్టేటప్పుడే పెద్ద విపత్తులను దృష్టిలో పెట్టుకున్నారు. ప్రార్థనామందిరం గోడల్లో కూడా ఆక్సిజన్ పాయింట్లు పెట్టించారు, అవసరమైతే దాన్నే వార్డుగా వాడుకోవాలని. ఆ రోజు నిజంగా వాడుకున్నారు, అది ఎంతో మేలు చేసింది. కానీ అక్కడ గాలి సరిగ్గా ఆడదు. అందులో పనిచేసినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడ్డారు. మంచాలు పట్టే చోటు వెతికేటప్పుడు కిటికీలు కూడా చూడాలి.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ లీకైనప్పుడు, వేలమంది ఆసుపత్రికి చేరుతుంటే అది ఏ వాయువో, దేనితో వైద్యం చేయాలో డాక్టర్లకు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఆసుపత్రికి పదిహేను ఇరవై కిలోమీటర్ల లోపల ఏ ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఎంత నిల్వ ఉందో, దానికి విరుగుడు ఏమిటో రాసిన జాబితా క్యాజువాలిటీ గోడ మీద ఉండాలి. ప్రభుత్వ శాఖల దగ్గర ఆ వివరాలు ఉంటాయి. అవి ఆసుపత్రికి చేరే ఏర్పాటు ఉండదు. ఈ సభ నుంచి అధికారులు ఒక్క పని పట్టుకెళ్లాలంటే, ఇది పట్టుకెళ్లమని అడుగుతాను.

రసాయనం ఒంటి మీద పడినవాళ్లను భవనం బయటే ఆపి, బట్టలు విప్పించాలి. చాలావరకు విషం బట్టలతోనే పోతుంది. అవి ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి, పేరో నంబరో రాసి, బయటే ఉంచాలి. తర్వాత గోరువెచ్చని నీళ్లతో, సబ్బుతో కడగాలి. దీనికి ఖరీదైన టెంటు లేకపోయినా ఫర్వాలేదు. ఆరుబయట నీళ్ల గొట్టం, ఆడవాళ్లకు మగవాళ్లకు వేరువేరు తెరలు, తుడుచుకోవడానికి, చుట్టుకోవడానికి దుప్పట్లు ఉంటే మొదలుపెట్టవచ్చు. తెరలు లేకపోతే బట్టలు విప్పరు, గొడవ పడి లోపలికి తోసుకొస్తారు. తప్పు వాళ్లది కాదు, తెరలు మరిచిపోయిన మనది. కడిగేవాళ్లకు మాస్కు, మందం చేతి తొడుగులు, ఏప్రాను ఇవ్వకుండా ఎవరినీ నిలబెట్టకండి.

పేరు తెలియని రోగుల గురించి. స్పృహ లేని నలుగురు మగవాళ్లు ఒకేసారి వస్తే నాలుగు షీట్ల మీద 'గుర్తుతెలియని వ్యక్తి' అని రాస్తారు. రక్తం గ్రూపు కాగితం ఎవరిదో తారుమారవుతుంది. తప్పు రక్తం ఎక్కితే గాయం చంపకపోయినా రక్తం చంపుతుంది. కాబట్టి వంద కవర్లు ముందే సిద్ధం చేసి పెట్టాలి. ఒక్కో కవర్లో ఒకే నంబరుతో చేతికి కట్టే పట్టీ, కేస్ షీటు, రక్తనిధి ఫారం, ల్యాబు, ఎక్స్‌రే ఫారాలు, శాంపిల్ ట్యూబుల మీద అతికించే స్టిక్కర్లు, వస్తువులకు సంచి. పేరు తర్వాత తెలిసినా ఇరవై నాలుగు గంటల దాకా నంబరు మార్చకూడదు. మార్చిన చోటే పొరపాటు దొర్లుతుంది.

ఇక ఆక్సిజన్. ఇక్కడ కాస్త లెక్కలు చేద్దాం. పెద్ద సిలిండరులో సుమారు 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు తీసుకునే రోగికి అది 700 నిమిషాలు, పదకొండు గంటల నలభై నిమిషాలు వస్తుంది. బాగుందనిపిస్తుంది. అలాంటి రోగులు నలభై మంది ఉంటే? నిమిషానికి 400 లీటర్లు, గంటకు 24 ఘనపు మీటర్లు. మ్యానిఫోల్డులో, అంటే సిలిండర్లను కలిపి వార్డుల పైపులకు ఇచ్చే చోట, ఒక్కో వైపు పది సిలిండర్లున్నాయనుకుందాం, అంటే 70 ఘనపు మీటర్లు. మూడు గంటలు కూడా పూర్తిగా రాదు. అంటే రాత్రంతా మూడు గంటలకొకసారి పది సిలిండర్లు విప్పి, పది బిగించాలి. ఒక్కోటి ఒక మనిషి ఎత్తే బరువు కాదు. దానికి ట్రాలీ కావాలి, ఇద్దరు మనుషులు కావాలి, స్పానరు కావాలి, అరిగిపోయిన వాషర్ల బదులు కొత్తవి కావాలి. వాషరు లేక లీకైన సిలిండరు ఖాళీ సిలిండరే. ఇరవై నాలుగు గంటలకు ఎనభై రెండుకు పైనే సిలిండర్లు. అవి నింపే ప్లాంటు ఎంత దూరం, దారిలో వాగు పొంగితే ఎలా, అన్నవి కూడా ఈ లెక్కలోవే.

ద్రవ ఆక్సిజన్ ట్యాంకు ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు. ఒక లీటరు ద్రవం దాదాపు 860 లీటర్ల వాయువు అవుతుంది కనుక వెయ్యి లీటర్ల ద్రవం ఆ నలభై మందికి ముప్పై ఐదు గంటల పైన వస్తుంది. కానీ ట్యాంకు నిండుగా ఉన్నా వార్డులో ఒత్తిడి పడిపోవచ్చు. ద్రవం వాయువుగా మారేది వేపరైజరు రెక్కల్లో. వాడకం మితిమీరితే ఆ రెక్కల మీద గాలిలోని తేమ గడ్డకట్టి, మంచు తెల్లగా పేరుకుని, చివరికి రెక్క రెక్కకూ మధ్య సందే కనిపించదు. మంచు పేరుకుంటే బయటి వేడి లోపలికి వెళ్లదు, ద్రవం సరిగ్గా ఆవిరి కాదు. రెండు వేపరైజర్లు ఉండి, ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి కరిగేలా మార్చి మార్చి నడపాలి. పైపుల సంగతీ అంతే. పాత వార్డుకు వేసిన సన్నటి పైపు మీద హై ఫ్లో యంత్రాలు (ముక్కు ద్వారా వేగంగా ఆక్సిజన్ పంపేవి) పెడితే వరుసలో చివరి మంచానికి ఒత్తిడి అందదు. హై ఫ్లో యంత్రం పూర్తి ఆక్సిజన్ మీద నిమిషానికి 60 లీటర్ల దాకా తాగుతుంది. అలాంటివి పది పెడితే 600 లీటర్లు, ఇందాకటి నలభై మంది కంటే ఎక్కువ. ఏ వార్డు పైపు ఎన్ని లీటర్లు మోయగలదో ఇంజనీరు లెక్కగట్టి ఆ వార్డు తలుపు మీద రాయాలి. అది చూశాకే డాక్టరు యంత్రం పెట్టాలి.

కరెంటు. 2012 అక్టోబరులో శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు బెల్‌వ్యూ ఆసుపత్రి జెనరేటర్లు పదమూడో అంతస్తులో భద్రంగా ఉన్నాయి. వాటికి డీజిలు ఎక్కించే పంపులు బేస్‌మెంటులో ఉన్నాయి. బేస్‌మెంటు మునిగింది. చివరికి మనుషులు మెట్ల మీద వరుసగా నిలబడి పదమూడు అంతస్తులు చేతులతో ఇంధనం అందించారు. మీ ఆసుపత్రికి వెళ్లి జెనరేటరు చూడకండి. దాని డీజిలు ట్యాంకు ఎక్కడ, పంపు ఎక్కడ, మార్పిడి స్విచ్ ప్యానెల్ ఎక్కడ, కేబులు ఏ గుంతలోంచి వస్తోందో చూడండి. వీటిలో ఏ ఒక్కటి నీటి మట్టానికి కింద ఉన్నా మొత్తం కింద ఉన్నట్టే.

డీజిలు లెక్క కూడా సులువే. ఒక యూనిట్ కరెంటుకు దాదాపు పావు లీటరు నుంచి 300 మిల్లీలీటర్లు. 200 కిలోవాట్ల లోడుకు గంటకు 50 నుంచి 60 లీటర్లు. మూడు రోజులకు సుమారు నాలుగు వేల లీటర్లు. వారం వారం జెనరేటరు ఐదు నిమిషాలు ఉత్తినే తిప్పి 'ఓకే' అని రిజిస్టర్లో రాస్తారు. అది పరీక్ష కాదు. మెయిన్స్ తీసేసి, ఆసుపత్రి లోడు నిజంగా దాని మీద వేసి కనీసం అరగంట నడపాలి. జెనరేటరు స్టార్ట్ కాకపోవడానికి మామూలు కారణం బ్యాటరీ. నడుస్తూ ఆగిపోవడానికి మామూలు కారణం, ఏళ్ల తరబడి నిల్వ ఉన్న డీజిల్లో చేరిన నీరు, మడ్డి వల్ల ఫిల్టరు మూసుకుపోవడం.

ఇంకొకటి. నీళ్ల పంపు, ఒక లిఫ్టు, మార్చురీ ఫ్రీజరు, రక్తనిధి ఫ్రిజ్‌లు జెనరేటరు లైనులో ఉన్నాయా? పంపును చాలాచోట్ల వదిలేస్తారు. అప్పుడు కరెంటు ఉంటుంది, కుళాయిలో నీళ్లుండవు. వార్డులో ఉన్న రోగికి రోజుకు 40 నుంచి 60 లీటర్లు, ఒక్కో ఆపరేషన్‌కు వంద లీటర్లు వేసుకోండి. రెండు వందల మంచాలకు రోజుకు పన్నెండు వేల లీటర్లు, ఆపరేషన్లు అదనం.

భూకంపాలకు వేరే మాట. కట్టడమే పడిపోతే ప్లాను ఏమీ మిగలదు. 2001 జనవరి 26న భుజ్‌లో జిల్లా ఆసుపత్రే కూలిపోయింది. 1985లో మెక్సికో నగరంలోనూ ఆసుపత్రి భవనాలు కూలాయి. కట్టడం గట్టిదైనా లోపలి అలమరలు, సిలిండర్లు, వాటర్ ట్యాంకులు గోడకు కట్టి ఉండకపోతే అవే మనుషుల మీద పడతాయి. శిథిలాల కింద కాలో చెయ్యో గంటల తరబడి నలిగినవాడిని బయటికి లాగగానే కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె ఆగిపోవచ్చు. లాగకముందే నరానికి సూది పెట్టి గంటకు లీటరు చొప్పున సెలైన్ మొదలుపెట్టాలి. పొటాషియం ఉన్న ద్రవాలు, రింగర్ లాక్టేట్ లాంటివి, ఇవ్వకూడదు. రెస్క్యూ జట్టుతో ఈ సంచులు వెళ్లాలి. ఆ తర్వాతి రోజుల్లో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లతో డయాలిసిస్ యంత్రాలకు కొరత వస్తుంది. మామూలుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వచ్చేవాళ్లూ అదే యంత్రం కోసం నిలబడతారు. ఆ మామూలు రోగుల జాబితా, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల జాబితా జిల్లా అధికారి దగ్గర ముందే ఉండాలి. తుఫాను తీరం తాకిన రాత్రి వాళ్లను వెతకడం కుదరదు.

సిబ్బందిని పిలిచేటప్పుడు అందరినీ ఒకేసారి పిలవకండి. రాత్రి రెండింటికి అందరూ వస్తే మధ్యాహ్నం రెండింటికి నిలబడేవాళ్లుండరు. సగం మందికి 'ఇంటి దగ్గరే నిద్రపోండి, ఉదయం ఏడింటికి రండి' అని చెప్పాలి. పన్నెండు గంటల షిఫ్టు కంటే ఎక్కువ వద్దు. పెద్ద ఘటన జరిగిన చోట వాయిస్ కాల్స్ కిక్కిరిసి కలవవు, ఎస్ఎంఎస్ మాత్రం ఆలస్యంగానైనా చేరుతుంది. ఒకరు ముగ్గురికి, ఆ ముగ్గురిలో ఒక్కొక్కరు ఇంకో ముగ్గురికి చెప్పే గొలుసు కాగితం మీద ఉండాలి. మూడు నెలలకొకసారి ఆ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. వార్డుకూ థియేటరుకూ మధ్య కబురు మోయడానికి ఇద్దరు కుర్రాళ్లను కేటాయించండి. చేతిలో చీటీతో పరిగెత్తే మనిషిని మించిన నమ్మకమైన యంత్రం ఆ రాత్రి దొరకదు. సిస్టర్లలో చాలామంది పసిపిల్లల తల్లులు. పిల్లలను ఎవరి దగ్గర వదలాలో తెలియకపోతే రాలేరు. ఆసుపత్రిలో ఒక గది, చూసుకునే ఇద్దరు ఆయాలు ఉంటే వస్తారు.

బంధువులు వస్తారు, రోగుల కంటే ఎక్కువమంది. వాళ్లకు క్యాజువాలిటీకి దూరంగా ఒక హాలు, కుర్చీలు, నీళ్లు, అరగంటకొకసారి వచ్చి జాబితా చదివే ఒక మనిషి ఉండాలి. కొత్త సమాచారం లేకపోయినా అరగంటకు రావాల్సిందే, వచ్చి అదే మాట చెప్పాలి. రాకపోతే వాళ్లు వార్డుల్లోకి వెతుక్కుంటూ వస్తారు, అడ్డుకున్న సెక్యూరిటీతో ఘర్షణ అవుతుంది. రక్తదాతలు కూడా బారులు తీరతారు. 2001 సెప్టెంబరు 11 తర్వాత అమెరికాలో లక్షలమంది రక్తం ఇచ్చారు, దాడుల బాధితులకు వాడింది 300 యూనిట్ల లోపే. ఎర్ర కణాలు ఆరు వారాలు మించి నిల్వ ఉండవు. కాబట్టి వచ్చినవాళ్ల పేరు, గ్రూపు, ఫోను రాసుకుని వారాల వారీగా పిలవాలి. మొదటి రాత్రి ప్రాణాలు నిలిపేది అప్పటికే పరీక్షలు పూర్తయి ఫ్రిజ్‌లో ఉన్న రక్తమే.

చనిపోయినవాళ్ల గురించి మాట్లాడటానికి అందరూ వెనకాడతారు. వరదలు, భూకంపాల తర్వాత శవాల వల్ల అంటువ్యాధులు వస్తాయన్న భయంతో అధికారులు హడావుడిగా సామూహిక ఖననాలు చేయిస్తారు. గాయాలతో, నీళ్లలో మునిగి చనిపోయినవాళ్ల శరీరాల నుంచి ఊళ్లకు అంటురోగాలు రావు. తాగునీటిలో పడి ఉన్నవాటిని తీసేయాలి, అంతే. తొందరపడి పూడ్చేస్తే మిగిలేది ఏళ్ల తరబడి భర్త కోసమో బిడ్డ కోసమో వెతికే కుటుంబం. మరణ ధ్రువపత్రం రాదు, పింఛను రాదు, పరిహారం రాదు. చేయాల్సింది: ఒక్కో శరీరానికి ఒక నంబరు, నీటికి చెరగని ట్యాగు మీద. ముఖం తుడిచి, నంబరు కనిపించేలా ఫొటో, నిలువెత్తు ఫొటో, మచ్చలు, బట్టలు, నగల ఫొటోలు. ఒకరోజు ఆలస్యమైతే ముఖం గుర్తుపట్టలేం, కాబట్టి ఫొటో అన్నిటికంటే ముందు. చల్లటి గది లేకపోతే తాత్కాలికంగా ఒకే వరుసలో, ఒకదాని మీద ఒకటి కాకుండా, మధ్య ఎడం వదిలి పూడ్చి, ఏ నంబరు ఎక్కడుందో పటం గీయాలి. తర్వాత తీసి అప్పగించవచ్చు.

మహమ్మారులకు ఇవే సూత్రాలు, కాలం మాత్రం నెలల్లో. నిల్వల విషయం ఒక్కటి చెబుతాను. మాస్కులు, గ్లౌజులు కొని ప్రత్యేక గోడౌన్‌లో తాళం వేస్తే గడువు దాటి, లాస్టిక్ తాళ్లు తెగిపోయి బయటపడతాయి. కొత్త సరుకు గోడౌన్‌లోకి, అందులోని పాతది రోజువారీ వాడకానికి తిరుగుతూ ఉండాలి. పరీక్ష పెట్టుకుని తెలుసుకున్నది ఆచరణలో పెట్టకపోవడం ఇంకో సమస్య. 2016 అక్టోబరులో బ్రిటన్ మూడు రోజుల పాటు సిగ్నస్ అనే ఫ్లూ మహమ్మారి విన్యాసం చేసింది. తీవ్రమైన మహమ్మారి వస్తే దేశం సన్నద్ధత చాలదని ఆ నివేదికే చెప్పింది. నాలుగేళ్లలోపే కోవిడ్ వచ్చింది.

కాబట్టి మాక్ డ్రిల్. ఉదయం పదకొండింటికి, అతిథులను పిలిచి, రంగులు పూసిన వాలంటీర్లతో చేసేది ఫొటోలకు బాగుంటుంది. పనికొచ్చేది షిఫ్టు మారే వేళ, చెప్పకుండా చేసేది. మొత్తం ఆసుపత్రిని కదపనక్కర్లేదు. ఒక్క ముక్క పట్టుకోండి: రాత్రి తొమ్మిదింటికి 'రెడ్ అలమర తాళం తియ్యండి' అని చెప్పి గడియారం చూడండి. ఇంకో నెల మ్యానిఫోల్డు మార్చమనండి. ఇంకో నెల వంద కవర్లలో పది తెరిచి స్టిక్కర్లు ఎండిపోయాయేమో చూడండి. డ్రిల్ అయిన గంటలోపు పాల్గొన్నవాళ్లంతా నిలబడి మాట్లాడుకోవాలి. ముందు వార్డు బాయ్‌లు, చివర పెద్ద డాక్టరు. ఈ వరుస తిరగేస్తే కింది వాళ్లు నోరు తెరవరు. బయటపడ్డ ఒక్కో లోపానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయాలి.

చివరిగా 'ముగిసింది' అని ప్రకటించడం. దీన్ని చాలా ప్లాన్లు మరిచిపోతాయి. ఘటనాస్థలం నుంచి ఇక ఎవరూ రారని ఖాయమయ్యాకే చెప్పాలి, టైముతో సహా రాయాలి. ఆ మాట చెప్పేముందు కవర్లు, సెలైన్, చెస్ట్ ట్యూబులు, ఓ నెగటివ్ రక్తం మళ్లీ నింపాలి, ఎందుకంటే రెండో ప్రమాదం మొదటిదాని కోసం ఆగదు. జట్లను ఇంటికి పంపేటప్పుడు బండి నడిపి వెళ్లనివ్వకండి, వాహనం ఏర్పాటు చేయండి. ఆ రోజు వాయిదా వేసిన ఆపరేషన్ల జాబితాను సాయంత్రమే ఒకరికి అప్పగించాలి. అందులో క్యాన్సర్ రోగులుంటారు, ఉపవాసం ఉండి ఉదయం నుంచి ఎదురుచూసి వెనక్కి వెళ్లినవాళ్లుంటారు. ఆ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కొత్త తేదీ చెప్పాకే ఫైలు మూయాలి.